డీజిలా, పెట్రోలా? ముందు బరువు తూచండి

ఇటీవల ఒక సాయంత్రం అస్ర్ నమాజు అనంతరం ఒక తండ్రీ కొడుకులు వచ్చి కూర్చున్నారు. కుమారుడు ఒకప్పుడు మా మద్రసాలో చదివినవాడు. ఇప్పుడు కడియం నర్సరీలలో మొక్కలు కొని, రాజమహేంద్రవరం వీధులలోను, వారానికొకసారి కాకినాడలోను అమ్ముకొంటున్నాడు. ఇంతకాలం అద్దె బండితో నెట్టుకొచ్చి, ఇప్పుడు సొంత బండి కొనదలచాడు.

"హజ్రత్, అబ్బా డీజిల్ పికప్పే కొనమంటున్నారు. నాకు పెట్రోలుతో నడిచే చిన్న బండి చాలుననిపిస్తున్నది. మీరే మష్వరా ఇవ్వాలి" అన్నాడు.

తండ్రి వెంటనే అందుకొని, "బరువు మోసే బండికి పెట్రోలేమిటి, మౌల్వీ సాబ్! నలభై యేండ్లుగా చూస్తున్నాను, ఎవరైనా అలా కొన్నారా?" అన్నారు.

పికప్పుకు తక్కువపడే సొమ్ము కొరకు ఇల్లాలు తన గాజులు అమ్ముటకు సిద్ధపడినదని, అప్పటికీ చాలనిది వడ్డీకి తేవలసి ఉన్నదని మాటల మధ్య తెలిసినది. కనుక ఇది కేవలం ఇంజను ప్రశ్న కాదు, ఒక కుటుంబం రానున్న ఐదేండ్లు ఎట్లు గడుపుతుందనే ప్రశ్న.

తండ్రి మాటలో నిజం లేకపోలేదు. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని నిప్పురవ్వ రగిలిస్తుంది. డీజిల్ ఇంజనులో ఆ రవ్వ అక్కరలేదు. గాలిని గట్టిగా అణచి వేడెక్కించిన పిమ్మట ఇంధనాన్ని చిమ్ముతారు, అది తనంతట తానే అంటుకొంటుంది. ఆ అణచివేత మూలంగానే ప్రతి చుక్కనుండి ఎక్కువ పని రాబట్టవచ్చు. పైగా ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే దానికి లాగుడు శక్తి అందుతుంది. నిండు బరువుతో ఏటిగట్టు ఎక్కేటప్పుడు, లంక దారులలో ఇసుకలో చక్రం దిగబడినప్పుడు ఈ తేడా డ్రైవరుకు స్పష్టంగా తెలుస్తుంది. అమెరికాలో పెద్ద పెద్ద ట్రైలర్లు లాగే పికప్పుల విషయంలోనూ ఇదే వాదం నేటికీ సాగుతున్నది. అక్కడ ఒకే బండిని రెండు రకాల ఇంజనులతోనూ అమ్ముతారు.

అయితే తండ్రి చూసిన నలభై యేండ్లలో చివరి కొన్నేండ్లు వేరు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు అందులో ఉన్నది రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజనే. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ యేడే ఏస్‌లో పెట్రోలు రకమూ బజారుకు వచ్చినది. కొత్త ప్రమాణాల మూలంగా డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు సాధారణమైపోయినది. బండి చాలాసేపు ఆగకుండా నడిచి, పొగగొట్టం బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. రోజంతా వీధి వీధికీ ఆగుతూ నాలుగేసి కిలోమీటర్లు తిరిగే బండిలో అది పేరుకుపోయి, హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఆపై మెకానిక్కు దగ్గరకు పరుగు, ఆనాటి బేరం నష్టం.

ఇక లెక్క చూద్దాం. ఒకే పరిమాణం గల రెండు బండ్లు ఉన్నవనుకొందాం. లీటరు పెట్రోలు 110 రూపాయలకు 16 కిలోమీటర్లు, లీటరు డీజిల్ 98 రూపాయలకు 20 కిలోమీటర్లు వస్తాయనుకొందాం. కిలోమీటరుకు డీజిల్ బండి ఆదా చేసేది సుమారు రెండు రూపాయలు. దాని ధర 1,20,000 రూపాయలు ఎక్కువైతే, నెలకు 1,000 కిలోమీటర్లు నడిపేవానికి ఆ సొమ్ము తిరిగి రావడానికి ఐదేండ్లు పడుతుంది. నెలకు 3,000 కిలోమీటర్లు నడిపేవానికి ఇరవై నెలలు చాలు. బండి కూడా పెద్దదైతే దాని సొంత బరువును మోయటానికే ఇంధనం ఖర్చై, ఆ రెండు రూపాయలూ కరిగిపోతాయి. వడ్డీ కలిస్తే చెప్పనక్కరలేదు. హరామును ఇంటికి తెచ్చుకొన్న పాపం ఒకటి, లెక్కలో నష్టం మరొకటి.

అందుచేత వారిరువురికీ ఒకే మాట చెప్పాను. "భాయ్ సాబ్, పదిహేను రోజులు ఒక పుస్తకంలో రాయండి. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ఎంత బరువు మోశారు? కుండీలను కంటితో అంచనా కట్టవద్దు, కాటా మీద తూయించండి."

వారు పుస్తకంతో తిరిగి వచ్చారు. కాకినాడ ప్రయాణాలతో కలిపినా నెలకు దాదాపు 1,100 కిలోమీటర్లు. అత్యధిక బరువు ఆరు వందల కిలోలు. పెద్ద కుండీల ఆర్డరు వచ్చినది ఒక్కనాడే. ఏస్ వంటి బండి ఏడు వందల యాభై కిలోల వరకు మోయగలదు. తండ్రి పుస్తకాన్ని రెండుమార్లు తిరగేసి, "ఆ ఒక్కరోజుకు పికప్పు అద్దెకు తెచ్చుకో, బేటా" అన్నారు. తల్లి గాజులు ఆమె చేతికే ఉన్నాయి.

ఈ తీర్పు అందరికీ వర్తించదు. అంబాజీపేట నుండి టన్నుకు పైగా కొబ్బరికాయలు నింపుకొని దినమూ విజయవాడ వెళ్లే సోదరునికి డీజిల్ బండే తగినది. దూర ప్రయాణంలో దాని ఫిల్టరూ శుభ్రపడుతుంది, ఆదా కూడా త్వరగా చేతికి వస్తుంది. అతడు చవకని పెట్రోలు చిన్న బండి కొని, దానిపై రెట్టింపు బరువు వేస్తే అది తెలివి కాదు. 2019లో సవరించిన మోటారు వాహన చట్టం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు విధించినది. జరిమానా కంటే పెద్ద విషయం మరొకటి ఉన్నది. బ్రేకు పట్టని బండి ఎదుట వచ్చే బిడ్డ ప్రాణం కూడా మన చేతిలోని అమానతే.

బండి కొనదలచిన సోదరులు షోరూముకు వెళ్లక ముందు ఆ పదిహేను రోజుల పుస్తకం రాయవలసినదిగా కోరుతున్నాను. సంవత్సరంలో ఒక్కరోజు వచ్చే బరువు కొరకు మూడు వందల అరవై నాలుగు రోజులు అప్పు మోయటం దుబారాయే. నిత్యం మోసే బరువుకు చాలని బండి కొనటం ప్రమాదం. ఈ రెంటి మధ్య మీ దారి ఏదో ఆ పుస్తకమే చూపుతుంది. ఆ లెక్క వేసేటప్పుడు ఇంటి ఆడవారిని కూడా కూర్చోబెట్టుకోండి. గాజులు వారివి కదా!