దండ తీసి పటం చూడండి

అల్బేనియా చిత్రకళలో స్త్రీ ఎక్కడ అంటే 1883 నాటి ‘మోత్ర తోనె’ను చూపిస్తారు. కొలె ఇద్రొమెనో తన సోదరిని చిత్రించిన పటమది. గొప్పదే, కాదనను. కానీ అక్కడ స్త్రీ బొమ్మ మాత్రమే. కుంచె పురుషుని చేతిలో ఉంది.

మరి ఆంద్రోనికీ జెంగో (1913-2000)? ‘తొలితరం మహిళా చిత్రకారిణి’ అని దండ వేసి ముందుకు సాగిపోతారు. నా అభ్యంతరం ఆ దండతోనే. గోడ మీది పటానికి దండ ఎప్పుడు వేస్తామో మీకు తెలియనిది కాదు.

ఆమె తండ్రి కోర్చా ప్రాంతపు చర్చి పటాల చిత్రకారుడు. చెల్లెలు సోఫియా కూడా చిత్రకారిణే. ఏథెన్సులో చదివి వచ్చిన ఆంద్రోనికీ, మారియో రిడోలాతో కలిసి టిరానాలో చిత్రలేఖన పాఠశాలకు పునాది వేసింది. అప్పటికామెకు ఇరవై ఏళ్ళు అటూ ఇటూ. 1967లో ప్రభుత్వం మతాన్నే నిషేధించి చర్చీలనూ మసీదులనూ మూయించినప్పుడు, తండ్రి నుండి వచ్చిన విద్యకు చోటే లేకుండా పోయింది. ఆ నిషేధం తొలగడం కూడా ఆమె చూసింది.

ఇంత బ్రతుకును ‘తొలి’ అన్న ఒక్క మాటలో చుట్టివేయడం గౌరవమా? తొలి అన్నది తేదీ చెబుతుంది, కళను చెప్పదు. ఇద్రొమెనోను తేదీతో కొలుస్తున్నామా? రంగుతో, రేఖతో కొలుస్తున్నాము. ఆమెకూ ఆ కొలతే కావాలి. మెచ్చకపోయినా సరే, ముందు చూడండి.