కోనసీమ మురుగు కాలువల కోసం విజ్ఞప్తి

తూర్పున గోదావరి పాయ గౌతమి, పడమర మరో పాయ వసిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. వీటి నడుమనున్న ముక్కోణపు నేల కోనసీమ. మధ్యలో వైనతేయ పాయ దాన్ని మళ్ళీ చీలుస్తుంది. గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడ్డ నేల కాబట్టి సారం ఎక్కువ, వాలు తక్కువ.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఇక్కడికి సాగునీరు తెచ్చింది. మధ్య డెల్టా కాలువల కింద సార్వా (ఖరీఫ్) వరి పండుతుంది, సీలేరు నీటి సాయంతో దాళ్వా (రబీ) వరి కూడా పండుతుంది. మెరక మీద కొబ్బరి, లంకల్లో అరటి, కూరగాయలు, తీరం వైపు రొయ్యల చెరువులు. అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి రాష్ట్రం దాటి వెళ్తాయి. పంట కాలువంటే అందరికీ పట్టింపే. వంతు ఒక్క రోజు తప్పితే లాకుల దగ్గర గొడవవుతుంది. చేలో మిగిలిన నీరు పోవలసిన మురుగు కాలువను మాత్రం ఎవరూ తమదనుకోరు.

సముద్రం పోటు మీదుంటే మురుగు దిగదు. పాటు వచ్చిన కొద్ది గంటల్లోనే దిగాలి. ఆ వేళకు దారి పూడి ఉంటే మళ్ళీ పాటు వచ్చేదాకా నాట్లు నీళ్ళలోనే. ఊరి రోడ్డు కింది తూము దగ్గర నిలబడి చూస్తే ఆ దారి ఎలా పూడుతుందో తెలుస్తుంది. ముందు ఒక కొబ్బరి మట్ట అడ్డం పడుతుంది. దానికి కొబ్బరి డొక్కలు, ఎరువుల సంచి, పెళ్ళి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు చేరతాయి. వెనక గుర్రపుడెక్క పరుచుకుంటుంది. ఊదా పూలతో అది చూడ్డానికి బాగానే ఉంటుంది కూడా. తూముకు ఎగువన నీరు మోకాలి లోతు, దిగువన పాదం తడవదు.

2011లో కోనసీమ రైతులు సార్వా నాట్లు మానేసి పంట విరామం ప్రకటించడానికి గిట్టని ధరతో పాటు ఈ ముంపూ కారణమే. శంకరగుప్తం మురుగు కాలువ (డ్రెయిన్) దగ్గరైతే సముద్రపు నీరు ఎగదన్ని తోటల్లో చేరి కొబ్బరి చెట్లు మోడులయ్యాయి.

పెద్ద డ్రెయిన్ల పూడికతీత ప్రభుత్వం పని. అది సరిగా సాగడం లేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. అయితే తూములో ఇరుక్కున్న సంచి తీయడానికి టెండరు అక్కర్లేదు. కనుక వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే చేలగట్ల బోదెలు, ఊరి తూములు బాగుచేసుకోవాలని ఆయకట్టు రైతులకు విజ్ఞప్తి. డొక్కలు, మట్టలు గట్టు మీద పోయవద్దని తోటల వారికి, మురుగు కాలువ గట్టును చెరువులో కలుపుకోవద్దని, ఉప్పునీరు పంట చేల వైపు వదలవద్దని రొయ్యల రైతులకు, కాలువకు అడ్డంగా వలకట్లు వేయవద్దని చేపలు పట్టేవారికి మనవి. తీసిన గుర్రపుడెక్కను గట్టు మీదే కుప్ప వేస్తే మొదటి వానకే తిరిగి నీళ్ళలోకి జారుతుంది. దాన్ని ట్రాక్టరుకెత్తి దూరంగా దిబ్బకు చేర్చే ఏర్పాటు పంచాయతీలు జూన్‌లో నీరు వదిలేలోపు చేయాలి.