రజాయి కింద ఫోనా, హాల్లో మానిటరా?

మా హాల్లోకి 27 అంగుళాల గేమింగ్ మానిటర్ వచ్చి వారం దాటింది. ఫిజూల్ ఖర్చు అని మొహం మీదే అన్న రిష్తేదార్లున్నారు. వాళ్లకు నా జవాబు సాఫ్‌గా చెప్పేస్తా. పిల్లాడు ఎలాగూ ఆడతాడు. రాత్రిపూట రజాయి కింద ఫోన్లో ఆడేకన్నా, అందరి నజర్ ముందు పెద్ద తెర మీద ఆడటమే మేలు.

2020 సెప్టెంబర్‌లో సర్కార్ పబ్‌జీ మొబైల్‌ను బంద్ చేసినప్పుడు ఎన్నో ఇళ్లలో అమ్మీలు షుకర్ అనుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 2021 జులైలో, అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. పాబందీ మీద భరోసా పెట్టుకుంటే ఇంతే. పిల్లాడు ఏం ఆడుతున్నాడో, ఎవరితో ఏ జుబాన్‌లో మాట్లాడుతున్నాడో మనకు కనబడాలి, వినబడాలి. అందుకే కొనేముందు నేను పెట్టిన షరతు ఒక్కటే: మానిటర్ హాల్లోంచి కదలకూడదు.

ఇక సామాను సంగతి. 165 హెర్ట్జ్ అని డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంది. అంటే తెర సెకనుకు 165 సార్లు తస్వీర్ మార్చగలదు. మామూలు తెర 60 సార్లే మారుస్తుంది. ఆటలు తెలియని నాకు కూడా మౌస్ బాణం కదిలిస్తే ఫరక్ తెలిసింది. కానీ వైరు పెట్టగానే ఆ వేగం దానంతటదే రాకపోవచ్చు. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళ్లి చూడాలి. మా దోస్తు ఇంట్లో ఇలాంటిదే ఏడాదిగా 60 దగ్గరే నడుస్తోంది, పాపం.

మిగతా దావాలను కాస్త అనుమానంగానే చూడండి. ఒక మిల్లీసెకను అన్నారు. ఓవర్‌డ్రైవ్‌ను ఆఖరి మెట్టుకు పెడితే కదిలే బొమ్మ వెనక తెల్లటి నీడ పడుతోంది, మధ్య మెట్టే బాగుంది. హెచ్‌డీఆర్ పెడితే నలుపు బూడిద రంగుకు తిరిగింది. తీసేశాం.

నా దిల్ దోచింది మాత్రం హెర్ట్జ్ కాదు, నస్తలీఖ్. ఉర్దూ అక్షరం కుడి పైనుంచి ఎడమ కిందకు వాలుతూ దిగుతుంది. ‘బే’కి కింద ఒక నుఖ్తా, ‘పే’కి మూడు. పాత 24 అంగుళాల 1080 తెర మీద చిన్న అక్షరాల్లో ఆ మూడూ కలిసి ఒక మచ్చ అయ్యేవి. ప్రూఫులు చూసేటప్పుడు ఐనక్ తీసి తుడిచి మళ్లీ పెట్టుకునేవాణ్ణి. 2560 బై 1440 ఉన్న ఈ తెర మీద అంగుళానికి పాతదాంట్లో 92 ఉన్న చుక్కలు 109 అయ్యాయి. ఇప్పుడు నుఖ్తాలు విడివిడిగా నిలబడుతున్నాయి. తెలుగు వత్తులకూ అదే ఫాయిదా. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ అక్షరాల జోడింపుల్ని వేలల్లో గీసి నూరీ నస్తలీఖ్‌ను కంపోజింగ్ యంత్రానికి ఎక్కించారు. ఆ మెహనత్‌ను మసక తెర మీద చూడటం నాకు బేఅదబీ అనిపిస్తుంది.

కాబట్టి ఇంటిల్లిపాదీ వాడే తెర కొనేటప్పుడు ముందు చుక్కలు లెక్కపెట్టండి, హెర్ట్జ్ తర్వాత. ఒక ఖబర్దార్: 1440 తెరకు 1080 కన్నా పిక్సెళ్లు దాదాపు 1.8 రెట్లు ఉంటాయి. పాత గ్రాఫిక్స్ కార్డు బరువైన ఆటలకు రొప్పుతుంది. మావాడి వాలరెంట్ తేలికైన ఆట గనక గడిచిపోతోంది.

ప్రస్తుతం ఇంట్లో ఝగడా ఒక్కటే. రాత్రి తొమ్మిదికి నా పేజీలొస్తాయి, అదే వేళకు వాడి దోస్తులు జమవుతారు. “అబ్బా, మ్యాచ్ మధ్యలో లేస్తే జుర్మానా పడుతుంది” అంటాడు. నిజమే, ఒక్కో మ్యాచ్ అరగంట దాటుతుంది, మధ్యలో వదిలితే శిక్ష ఉంది. “ఐదు నిమిషాల్లో లే” అని నేను అరవడం మానేశాను. ఎనిమిదిన్నర తర్వాత కొత్త మ్యాచ్ మొదలుపెట్టొద్దు అన్నాను. రెండ్రోజులు విన్నాడు. నిన్న ఎనిమిది ఇరవై ఎనిమిదికి మొదలుపెట్టాడు.