ఖాళీగా వదలవలసిన గడి



"తల్లి మనసుకు తెలియదా?" అన్న మాట మనకు బాగా అలవాటు. పోతన భాగవతం దశమస్కంధంలోని ప్రద్యుమ్నుని కథ చెబుతూ తరగతిలో నేనూ ఆ మాట ఎన్నోసార్లు అన్నాను. పురిటిలోనే శంబరాసురుడు అపహరించిన బిడ్డ యువకుడై ద్వారకకు తిరిగి వస్తాడు. అతన్ని చూడగానే రుక్మిణికి చన్నులు చేపుతాయి. పోయిన కొడుకు బ్రతికి ఉంటే ఈ ఈడువాడే, ఈ రూపువాడే అయి ఉండునని తలపోస్తుంది. కథ అక్కడితో ముగిసిందని పిల్లలు అనుకునేవారు. నేనూ అక్కడే ముగించేవాణ్ణి. నిజానికి రుక్మిణి తలపోసిందే గాని తేల్చి చెప్పలేదు. నారదుడు వచ్చి జరిగినదంతా వివరించిన తరువాతనే అతడు ఆమె కొడుకని అందరూ ఎరిగారు. ఆ నారదుడు ఎందుకు రావలసి వచ్చిందో ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తట్టలేదు. షికాగో నగరంలో జరిగిన ఒక ఉదంతం చదివాక తట్టింది.

1964 ఏప్రిల్ 27. అక్కడి మైకేల్ రీస్ ఆసుపత్రిలో ముందురోజే పుట్టిన మగబిడ్డను నర్సు దుస్తులు ధరించిన ఒక స్త్రీ, డాక్టరుగారు చూస్తామంటున్నారని చెప్పి తల్లి చేతుల్లోంచే తీసుకుపోయింది. ఆ తెల్లబట్టలను ఎవరూ శంకించలేదు. ఆమె టాక్సీ ఎక్కి మాయమయింది. స్థానిక పోలీసులూ, ఎఫ్.బి.ఐ. వారూ ఎంత గాలించినా ఫలితం దక్కలేదు.

1965 జులైలో, అక్కడికి ఎంతో దూరంలో ఉన్న న్యూజెర్సీ రాష్ట్రపు నూవర్క్ పట్టణంలో, అంగళ్ళ వీధిలో ఎవరో వదలిపెట్టిపోయిన ఒక పసివాడు దొరికాడు. షికాగో బిడ్డ ఇతడేనేమోనని అనుమానం కలిగింది. పోల్చడానికి ఆధారాలేవీ? ఆసుపత్రిలో రక్తవర్గం గాని, పాదముద్రలు గాని నమోదై లేవు. పుట్టిననాడు తీసిన ఒక ఛాయాచిత్రం ఉంది. అందులోని చెవి ఆకారం ఈ పిల్లవాని చెవిని పోలి ఉన్నదన్నారు. ఇతడు కాడని చెప్పడానికి వీలు లేకపోవడమే, ఇతడే అనడానికి ఆధారమయింది. 1966లో ఆ దంపతులు పిల్లవాణ్ణి ఇంటికి తెచ్చుకున్నారు. ఒక్కరోజు మాత్రమే బిడ్డను చూసిన తల్లి, రెండేళ్ళ తరువాత ఎదురుగా నిలబడిన పిల్లవాణ్ణి చూసి ఏమని చెప్పగలదు? కాదంటే, నిజంగా తన కొడుకే అయితే? ఆ ప్రశ్నను ఆమె ముందు పెట్టడమే అధికారులు చేసిన అన్యాయమని నా అభిప్రాయం. తాము మోయవలసిన భారాన్ని తల్లి మనసు మీద మోపి, వారు చేతులు దులుపుకున్నారు.

ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై, నడివయసులో తానే డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నాడు. తాను ఆ దంపతుల బిడ్డను కానని తేలింది. 2013లో ఆ సంగతి లోకానికి వెల్లడయింది. 2015లో వంశవృక్ష పరిశోధకులు అతని అసలు పేరు కనుగొన్నారు. అతడు పుట్టినది 1963 అక్టోబరులో. అంటే బాల్యం నుంచీ ఆరు నెలల తేడాతో ఇంకొకరి పుట్టినరోజు జరుపుకున్నాడు. అంతకన్న బాధాకరమైన సంగతి, అతనికి కవల సోదరి ఉండేదని కూడా అప్పుడే తెలిసింది. ఆమె ఏమయిందో నేటికీ అంతుచిక్కలేదు. షికాగోలో పోయిన అసలు బిడ్డ మిషిగన్ రాష్ట్రంలో వేరే పేరుతో జీవిస్తున్నట్లు 2019లో బయటపడింది. మరుసటి ఏడే ఆయన మరణించారు. ఎత్తుకుపోయిన స్త్రీ ఎవరో న్యాయస్థానంలో తేలనే లేదు. ఎవరి మీదా అభియోగం మోపలేదు.

నేను చెప్పదలచినది ఇదీ. జవాబు లేని ప్రశ్న కన్న తప్పుడు జవాబు ఎక్కువ హాని చేస్తుంది. ప్రశ్న మిగిలి ఉంటే ఎవరో ఒకరు వెదుకుతూనే ఉంటారు. 1966లో రాసుకున్న ఆ ఒక్క జవాబు రెండు ప్రశ్నలను కప్పిపెట్టింది. పోయిన బిడ్డ ఎక్కడ? దొరికిన బిడ్డ ఎవరు? రెండవ ప్రశ్న అడిగి ఉంటే ఆ కవల ఆడపిల్ల సంగతి అప్పుడే తెలిసేదేమో.

"దిక్కులేని పిల్లవానికి ఒక ఇల్లు దొరికింది కదా" అని మీలో కొందరు అనవచ్చు. నిజమే. ఆ దంపతుల వాత్సల్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అతణ్ణి అతనిగానే పెంచుకోవచ్చు. ప్రేమకు రుజువు అక్కరలేదు. దస్త్రానికి కావాలి.

ఈ మాట అనడానికి నాకెంత అర్హత ఉందో కూడా చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. చేతిరాత బాగుంటుందని అడ్మిషన్ రిజిస్టరు నాకే అప్పగించేవారు. పుట్టిన తేదీ తెలియని పిల్లలందరికీ జులై 1 అని రాసేవాళ్ళం. ఒకనాడు కూలిపని చేసుకునే దంపతులు ఆరేళ్ళ పిల్లవాణ్ణి తీసుకువచ్చారు. "రైలుస్టేషన్లో ఏడుస్తా కనపడ్డాడండి. మాకు పిల్లల్లేరు. మావోడనే రాసుకోండి పంతులుగారూ" అన్నారు. పిల్లవాడు ఆమె కొంగు విడవడం లేదు. ఎప్పుడు దొరికాడని గాని, పోలీసులకు చెప్పారా అని గాని నేను అడగలేదు. తండ్రి పేరు గడిలో ఆయన పేరు, స్వగ్రామం గడిలో ఆ ఊరి పేరు, తేదీ గడిలో జులై 1, నా గుండ్రని అక్షరాలతో నింపాను. పుణ్యకార్యం చేశాననుకుని ఇంటికి వచ్చి హాయిగా భోజనం చేశాను.

ఆ పిల్లవానికి ఇప్పుడు నలభై దాటి ఉంటుంది. ఏ ఊళ్ళోనో ఒక తల్లి అతని కోసం ఎన్నాళ్ళు స్టేషన్ల వెంట తిరిగిందో నాకు తెలియదు. తిరిగి ఉంటే ఆమెకూ బిడ్డకూ మధ్య అడ్డుగోడ ఆ కూలి దంపతులు కారు, నా దస్తూరి.

2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలో పుట్టే పిల్లలకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకీ, స్థలానికీ ప్రమాణమయింది. ఆసుపత్రి నుంచి పసిబిడ్డ అపహరణకు గురైతే ఆ ఆసుపత్రి లైసెన్సు నిలిపివేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. భారం తల్లి మీద కాక సంస్థ మీద పడింది గనుక రెండూ మంచివే. అయితే ఏ చట్టమైనా చివరకు ఒక గుమాస్తా కలం దగ్గరకో, ఒక పంతులు కలం దగ్గరకో వచ్చి ఆగవలసిందే. తెలియనిచోట "తెలియదు" అని రాసే ధైర్యం ఆ కలానికి ఉండాలి. నాకు లేకపోయింది.

ఇలాంటి రిజిస్టర్లు రాసిన ఉపాధ్యాయ మిత్రులు ఎవరైనా ఉంటే తమ అనుభవాలను వ్యాఖ్యలలో పంచుకోగలరు.