నూట ఎనభైకి ఎన్ని?

"నీకెన్నొచ్చినయే?"

"మ్యాట్ల నలభై ఏడు, శాట్ల యాభై. నీకో?"

"చెప్ప."

టేకులపల్లిలో మా ఇంటి వరండాలో ఓ నవంబరు సాయంత్రం విన్న మాటలివి. ప్రాథమిక కీ వచ్చిన రోజు. ఎనిమిదో తరగతి పిల్లలు ఏడుగురు, చేతుల్లో నలిగిపోయిన ప్రశ్నపత్రాలు, అందరికీ కలిపి ఒకటే ఫోను, అదీ నాదే. తప్పు పోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు "కీ తప్పు సార్" అంటారు. "చెప్ప" అన్నది కోయపిల్ల. మార్కులు కూడుకుని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో దాచుకుంది.

పరీక్ష పేరు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టింది. రెండు పేపర్లు: మ్యాట్ 90 మార్కులు, శాట్ 90 మార్కులు, ఒక్కోదానికి గంటన్నర. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నెలకు వెయ్యి రూపాయలు. 2017కు ముందు ఐదొందలుండేది, అప్పుడు వెయ్యి చేశారు, ఆ వెయ్యి అక్కడే ఉంది. దేశం మొత్తానికి ఏటా లక్ష మందికి ఇస్తారు.

నేను మూడేళ్లుగా ఆదివారాలు ఈ పరీక్షకు పాఠాలు చెబుతున్నాను. కాబట్టి ఇప్పుడు రాసేది బయట నిలబడి వేసే రాయి కాదు. మొదటి ఏడాది వారం వారం నమూనా పరీక్ష పెట్టి, మార్కుల పట్టిక గోడకు అంటించింది నేనే. అట్లా చేస్తే పట్టుదల పెరుగుతుందనుకున్నాను. పైన ఉన్న ముగ్గురికి పెరిగింది. కింద ఉన్న నలుగురు నాలుగో వారం నుంచి రాలేదు. ఎందుకు రాలేదని ఇంటికి పోయి అడిగితే ఒక తల్లి "వాడికి రాదంట గద సార్, మీరే గోడకు రాసిన్రంట" అంది.

అసలు ఈ పథకం ఎందుకు పెట్టారు? ఎనిమిదో తరగతితో బడి మానేసే పేదపిల్లల్ని ఆపడానికి. ఇది నా వ్యాఖ్యానం కాదు, పథకం లక్ష్యం అని వాళ్లు రాసుకున్నదే. మరి ఎనిమిదో తరగతితో బడి మానేసేదెవరు? నూట ఎనభైకి నూట ఇరవై తెచ్చుకునే పిల్లా, అరవై తెచ్చుకునే పిల్లా? నూట ఇరవై వచ్చిన పిల్లను టీచర్లు వదలరు, ఇంట్లోవాళ్లు అప్పుచేసైనా చదివిస్తారు. మానేసేది రెండో పిల్ల. జనవరిలో మిరపచేలు పండగానే కూలికి పోయి, మార్చిలో తిరిగొచ్చేసరికి పాఠాలన్నీ దాటిపోయిన పిల్ల. మునిగిపోయేవాళ్ల కోసం తాడు తెచ్చి, ఈతపోటీ పెట్టి, గెలిచినవాడికి ఆ తాడు బహుమానంగా ఇస్తున్నాం. దీన్ని పథకం లోపం అనడానికి కూడా నాకు మనసొప్పదు. ఏ మాట చెప్పి డబ్బు తెచ్చారో ఆ మాటకే ఇది ఎదురు నడుస్తోంది.

ఇంకో సంగతి. మా వరండాలో ఏడుగురే ఎందుకున్నారు? ఇది ఏజెన్సీ మండలం. కోయగూడేలు, లంబాడీ తండాలు. ఇక్కడి గిరిజన పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఉంటారు. ఊళ్లో పై తరగతుల బడి లేకనో, ఇంట్లో రెండుపూటలా కుండ నిండకనో అక్కడ చేరతారు. వసతి, భోజనం ఇచ్చే ప్రభుత్వ బడుల పిల్లలు ఈ పరీక్షకు అర్హులు కారు. కారణం అడిగితే, వాళ్లకు అన్నీ ఉచితమే గదా అంటారు. అన్నీ ఉచితమే. కాని పదో తరగతి అయ్యాక ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? ఇంటర్‌లో నెలకు వెయ్యి చొప్పున రావాల్సింది, ఎనిమిదో తరగతిలో హాస్టల్లో అన్నం తిన్నందుకు పోయింది. మీన్స్ అంటే పేదరికం చూడటం. మరీ పేదవాళ్లైపోయారని పరీక్ష గది గడప దగ్గరే ఆపేశారు.

ఇక ఆ పరీక్షలో ఏముంటుంది? నిజం చెప్పాలంటే మ్యాట్ అంటే పిల్లలకు ఇష్టమే. అంకెల వరసలు, అద్దంలో బొమ్మలు, సంకేత భాషలు. పాఠ్యపుస్తకం కన్నా హుషారుగా చేస్తారు, నాకూ సరదానే. చిక్కు రక్తసంబంధాల లెక్కల దగ్గర వచ్చింది. ఒక గైడులో ప్రశ్న: నాన్న వాళ్లక్క కూతురు ఏమవుతుంది? ఆ "చెప్ప" అన్న పిల్లే ఠక్కున "వదినె" అంది. గైడులో ఉన్న నాలుగు జవాబుల్లో వదిన లేదు. సోదరి, కజిన్, అత్త, మేనకోడలు. జవాబు కజిన్. మేనత్త కూతురికీ పెదనాన్న కూతురికీ ఒకటే మాట వాడే భాషలో తయారైన లెక్క అది. ఆ పిల్ల గూడెంలో మూడో గట్టు, ఐదో గట్టు అంటూ ఎవరితో పెళ్లి కుదురుతుందో, ఎవరు అన్నదమ్ముల వరసో నోటితో చెప్పగలిగినవాళ్లున్నారు. చుట్టరికాల గురించి ఆ గైడు రాసినాయనకన్నా ఆమెకు పదిరెట్లు ఎక్కువ తెలుసు. ఒక మార్కు పోయింది. మెరిట్ తగ్గింది.

శాట్ అనే పేరు ఈ పత్రిక చదివే అమెరికా తెలుగువాళ్లకు బాగా పరిచయం. అక్కడ 1926లో ఆ పరీక్షను తయారుచేసిన కార్ల్ బ్రిగమ్, అంతకు మూడేళ్ల ముందు జాతులవారీగా తెలివిని కొలిచానని పుస్తకం రాశాడు. 1930లో, ఆ లెక్క నిలవదని తనే ఒప్పుకున్నాడు. ఆయన మాట వెనక్కి తీసుకున్నాడు, పరీక్ష మాత్రం ఉండిపోయింది. మెరిటోక్రసీ అనే మాటను 1958లో లోకంలో ప్రచారం చేసిన మైకేల్ యంగ్ దాన్ని ఎగతాళిగా రాశాడు. జనం దాన్ని ఆశీర్వచనంగా తీసుకున్నారు. 2001లో ఆయనే విసిగిపోయి ఆ మాటను ఇట్లా వాడకండి అని పత్రికలో రాయాల్సి వచ్చింది.

హైదరాబాదులో ఉన్న నా మిత్రుడొకడు ఇది వినగానే, "పరీక్ష తీసేస్తే కష్టపడేవాడికి విలువేముంటది?" అన్నాడు. వాడి కొడుక్కి ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్. సరే, కష్టానికి బహుమానం ఇవ్వాలంటే ఇవ్వండి. అప్పుడు దాన్ని బహుమానం అనండి. బడి మానకుండా ఆపే సాయం అనకండి. గిరిజన పిల్లలకు తొమ్మిది, పది తరగతుల్లో ఇచ్చే ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌కు పోటీ పరీక్ష లేదు. కులం, ఆదాయం కాగితాలు చాలు. దానివల్ల ఎవరి కష్టానికి విలువ పోయిందో నాకు తెలియదు. ఏజెన్సీ మండలాల్లో ఎనిమిది పాసై తొమ్మిదిలో చేరిన ప్రతి పేదపిల్లకూ, హాస్టల్లో ఉన్నా ఇంటి దగ్గరున్నా, ఈ వెయ్యి ఇవ్వండి. హాజరు చూసి ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు.

నెగ్గినవాళ్ల కథా అంత సాఫీగా లేదు. ఏటేటా పోర్టల్లో పునరుద్ధరించుకోవాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, బ్యాంకు ఖాతాలో ఇంకో తీరు ఉంటే డబ్బు ఆగుతుంది. పదో తరగతిలో అరవై శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకైతే యాభై ఐదు. నా దగ్గర చదివి నెగ్గిన ఒక తండా పిల్లాడు ఖాతా సరిచేయించడానికి తండ్రితో నాలుగుసార్లు బస్సెక్కాడు. పోయిన ప్రతిరోజూ తండ్రి కూలి పోయింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక కోయపిల్ల కాగితం విప్పి చూపించింది. డెబ్బై ఒకటి.

"ఎస్టీలకు ముప్పై రెండు శాతమంటే యాభై ఎనిమిది గద సార్. నేను పాసే గదా?"

"పాసేనమ్మా."

"పైసలొస్తయా?"

పాస్ కావడం వేరు, జిల్లా కోటాలో పేరు రావడం వేరు అని చెప్పాను. అది కూడా పై నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి "మరి పాస్ అని ఎందుకన్నరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత వచ్చిన జాబితాలో ఆమె పేరు లేదు.

సంక్రాంతి దాటిన ఆదివారం గేటు దగ్గర నిలబడి, "ఇగ కొన్ని వారాలు రాను సార్. అమ్మతోటి మిరపకాయ ఏరబోతున్న" అని చెప్పి వెళ్లింది. ఎన్ని వారాలో నేను అడగలేదు.