నడి ఏట్లో ఇంజిన్ ఆగితే జవాబుదారీ ఎవరు?

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. పాత మోటారు పడవ బేరంలో ఈ సామెత అక్షరాలా నిజం. అమ్మేవాడికి అనుకున్న రేటు రాదు. కొన్నవాడికి నెల తిరక్కముందే రిపేరి ఖర్చు నెత్తిన పడుతుంది. డబ్బుతో పోయేదైతే సరే అనుకోవచ్చు. పాత బైకు దారిలో ఆగితే పక్కకు తోసుకుని పోవచ్చు. నడి ఏట్లో ఇంజిన్ ఆగితే పడవను ఎటు తోయాలో ఏరే నిర్ణయిస్తుంది.

తుంగభద్ర ఒడ్డున బతికేవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. చేపలు పట్టేవాళ్లకు తరతరాలుగా పుట్టే ఆధారం. కన్నడిగులు హరిగోలు అనేదీ దాన్నే. మనుషులను ఏరు దాటించే చోట మోటారు పడవలూ వచ్చాయి. తళవారఘట్ట-ఆనెగొంది మధ్య కడుతున్న వంతెన 2009 జనవరిలో కూలిపోయింది. ఆ తర్వాత కడెబాగిలు దగ్గర వంతెన వచ్చేదాకా ఆనెగొంది జనం పడవలనూ పుట్టీలనూ నమ్ముకునే ఉన్నారు. డ్యాం నుంచి నీళ్లు భారీగా వదిలితే కంప్లి వంతెన మునిగి రాకపోకలు ఆగిపోవడం ఏళ్ల తరబడి చూస్తున్నదే. ఇలాంటి చోట పాత పడవ చేతులు మారడమంటే ఒక వస్తువు అమ్ముడుపోవడం ఒక్కటే కాదు. రేపు అందులో ఎక్కేవాళ్ల ప్రాణాలూ ఆ బేరంలో ఉంటాయి.

వేడి ఇంజిన్ చేసే మాయ

నెలల తరబడి ఒడ్డున పడి ఉన్న పెట్రోలు ఇంజిన్‌లో పాత పెట్రోలు జిగురు కట్టి కార్బురేటర్ సన్న రంధ్రాలను మూసేస్తుంది. ఒడ్డున స్టార్ట్ అవుతుంది, మనుషులెక్కి వేగం పెంచగానే చస్తుంది. చల్లటి నీళ్లు తోడే పంపులోని రబ్బరు రెక్కలు గట్టిపడితే కాసేపు బాగానే నడిచి, తర్వాత వేడెక్కి ఆగుతుంది. డీజిల్ ఇంజిన్‌కైతే పైపులో గాలి చేరినా, ఫిల్టరు మూసుకుపోయినా చాలు.

కొనేవాడు వచ్చేలోగా ఇంజిన్‌ను నడిపి వేడి చేసి పెట్టడం పాత కిటుకు. వేడి ఇంజిన్ తాడు ఒక్కసారి లాగితే అందుకుంటుంది. కాబట్టి ముందు చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉండగా స్టార్ట్ చేయించాలి. నలుగురిని ఎక్కించుకుని, లైఫ్ జాకెట్లు వేసుకుని, తెడ్లు దగ్గరుంచుకుని, ప్రవాహం లేని నీళ్లలో అరగంటైనా నడపాలి.

అప్పుడే ఇంజిన్ ఆగిపోయిందనుకుందాం. అమ్మేవాడు ‘నిన్నటిదాకా బాగుండెనన్నా, పెట్రోలు తేడా’ అంటాడు. కొనేవాడు ‘ఇది గుజరీ సరుకప్పా’ అని సగానికి సగం కోస్తాడు. ఇద్దరిదీ తొందరే. కార్బురేటర్ శుభ్రం చేస్తే సరిపోయే జబ్బు వేరు, కంప్రెషన్ పోయి రింగులు, పిస్టన్ దాకా పోవాల్సిన జబ్బు వేరు. బేరం అక్కడ ఆపి, ఇద్దరికీ సమ్మతమైన మెకానిక్‌తో విప్పించి చూశాకే ధర మాట్లాడుకోవడం న్యాయం.

చట్టంలో గుర్రం కథ

‘చూసుకునే కొన్నావు కదా’ అనే మాటకు చట్టంలో కొంత బలముంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం నాణ్యత చూసుకోవడం మామూలుగా కొనేవాడి పనే. అయితే ఆ సరుకు అమ్మడమే వృత్తిగా ఉన్నవాడికి పని ఇదీ అని చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే లెక్క వేరు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ గుర్రంతో ఉదాహరణ చెబుతుంది. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్మినవాడు నోరు మెదపకపోతే మోసం కాదు. కానీ ‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా’ అని కొనేవాడు అన్నాక మౌనంగా ఉంటే, ఆ మౌనం మాటతో సమానం. తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపెట్టడం ఎలాగూ మోసమే. కనుక కొనేవాడు నోరు తెరిచి అడగాలి. జవాబును కాగితం మీద రాయించుకోవాలి.

ఇక 2021 నాటి ఇన్‌లాండ్ వెస్సెల్స్ చట్టం మోటారుతో నడిచే పడవలకు సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలంటుంది. కాగితాలు ఉత్త లాంఛనమని తీసిపారేసేవాళ్లు 2017 నవంబరు 12ను గుర్తు చేసుకోవాలి. ఆ రోజు ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పర్యాటకుల పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదని తర్వాత బయటపడింది.

చెప్పి అమ్మితే నష్టమేమిటి?

లోపం చెబితే రేటు తగ్గుతుందన్నది నిజమే. రెక్కల కష్టంతో పడవ కొనుక్కున్నవాడికి ఆ తగ్గే డబ్బు చిన్నది కాదు. కానీ దాచి అమ్మితే ఆ నష్టం పోదు, అవతలివాడి ఇంటికి చేరుతుంది. కొనేవాడూ సాటి బెస్తవాడో, పక్క ఊరివాడో అయి ఉంటాడు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు చైను తెగి, గేటు కొట్టుకుపోయింది. రెండు రాష్ట్రాల రైతులు నీళ్లు పోతుంటే గుండెలు చేతపట్టుకుని చూశారు. పాత ఇనుము ఎప్పుడు తెగుతుందో ముందుగా చెప్పదు. దాన్ని రోజూ వాడిన మనిషికి మాత్రం ఎక్కడ అరిగిందో, ఎక్కడ మొరాయిస్తుందో తెలుస్తుంది. పడవ అమ్మేవాడు ఆ సంగతి బయానా పుచ్చుకోకముందే చెప్పాలి.