ధర తెలుస్తోంది.. సాగు లెక్కే తెలియడం లేదు

పుంగనూరు: సెల్‌ఫోన్ లేని టమాటా రైతు పడమటి మండలాల్లో నేడు అరుదు. మదనపల్లెలో వేలం ముగిసేసరికి మొదటి రకం ఎంత పలికిందో, గుర్రంకొండ, కలికిరి, ములకలచెరువు మార్కెట్లలో పరిస్థితి ఏమిటో, సరిహద్దు దాటితే వడ్డిపల్లి, కోలారులలో ధర ఎలా ఉందో పుంగనూరు రైతుకు వాట్సాప్‌లో క్షణాల్లో చేరుతోంది. అయినా గిట్టుబాటు కాని పంటను రోడ్డు పక్కన పారబోసే దుస్థితి తప్పడం లేదు. సమాచారం ఇంతగా చేతికందాక కూడా నష్టం ఎందుకు ఆగలేదన్నది ఆలోచించాల్సిన విషయం.

2023 సంవత్సరమే ఇందుకు నిదర్శనం. ఆ ఏడాది జూలై చివరి వారంలో మదనపల్లె మార్కెట్‌లో మేలురకం టమాటా కిలో రూ.200 దరిదాపులకు చేరింది. కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో సరుకు కొనిపించి ఢిల్లీ వాసులకు తొలుత కిలో రూ.90కి అమ్మించింది. ఆగస్టులో నేపాల్ నుంచి దిగుమతికీ సిద్ధపడింది. సెప్టెంబరు వచ్చేసరికి అదే టమాటాకు కోత కూలి, బాడుగ కూడా దక్కని పరిస్థితి ఏర్పడింది. జూలై ధర చూసి నాటిన తోట కోతకు వచ్చేది సెప్టెంబరులోనే. అధిక ధర కబురు ఒకే రోజు వేలాది ఫోన్లకు చేరితే వేలాది మంది ఒకేసారి నాటుతారు. ఆ మేరకు సెల్‌ఫోన్ రైతును ఆదుకోకపోగా, ధర పతనానికి తన వంతు తోడ్పడుతోందని చెప్పక తప్పదు.

కట్టెలు, డ్రిప్, మల్చింగ్, మందులు కలిపి ఎకరా టమాటాకు పెట్టుబడి నేడు లక్ష రూపాయలకు తక్కువ కాదు. అంత సొమ్ము పెట్టే ముందు రైతుకు కావలసింది నిన్నటి ధర కన్నా, చుట్టుపక్కల ఎన్ని ఎకరాలు నాటుతున్నారన్న లెక్క. నర్సరీ ట్రేలలో నారు పెరగడానికి సుమారు 25 రోజులు, నాటిన తర్వాత తొలి కోతకు మరో 60 నుంచి 70 రోజులు పడుతుంది. అంటే రాబోయే సరుకు ఎంతో మూడు నెలల ముందే నర్సరీల్లో కనబడుతుంది. దానిని మండలాల వారీగా కూడి సకాలంలో రైతు ముందుంచే ఏర్పాటు మాత్రం కానరాదు.

రాష్ట్రంలో ఈ-పంట నమోదు ఉంది కదా అనవచ్చు. ఏ సర్వే నంబరులో ఏ పైరు ఉందో అందులో ఎక్కుతుంది. అయితే అది ప్రధానంగా బీమాకు, పెట్టుబడి రాయితీకి, ప్రభుత్వ కొనుగోళ్లకు ఉద్దేశించినది. ఖరీఫ్, రబీ గడువుల ప్రకారం సాగే ఆ నమోదులో, ఏడాది పొడవునా విడతలుగా నాటే టమాటా సరిగా ఇమడదు.

2016 ఏప్రిల్ 14న కేంద్రం ప్రారంభించిన ఈ-నామ్‌దీ ఇలాంటి ఇబ్బందే. గుంటూరులో మిర్చి, దుగ్గిరాలలో పసుపు వంటి నిల్వ ఉండే సరుకుకు ఆన్‌లైన్ బిడ్డింగ్ కొంతవరకు నప్పుతుంది. టమాటా సంగతి వేరు. ఉదయం కోసిన కాయ మరునాటికి రంగు మారుతుంది. నాణ్యత తేల్చే నమ్మకమైన గ్రేడింగ్ లేనిదే ఢిల్లీ వ్యాపారి తెర మీద చూసి కొనడు. పైగా మండీ యజమాని వద్ద ముందే పెట్టుబడి తెచ్చుకున్న రైతు సరుకును మరొకచోట అమ్మగలడా?

రవాణా గురించి ఒక మాట. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది. పుంగనూరుకు అసలు రైలే లేదు. మదనపల్లె పేరు పెట్టుకున్న స్టేషన్ సైతం పట్టణానికి ఆమడ దూరంలో ఉంది. ఇక్కడి టమాటాకు ఇప్పటికీ లారీయే గతి. 2021 నవంబరు వర్షాలకు తోటలు దెబ్బతిని, రోడ్లు తెగినప్పుడు ఆ బలహీనత బయటపడింది. అప్పుడు ధర కిలో రూ.100 దాటినా, తోట మిగిలిన కొద్దిమందికే అది దక్కింది.

సాంకేతిక ప్రయోగాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. కుప్పంలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 2002లోనే ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల ప్రణాళిక చేపట్టి, గ్రామాల్లో సమాచార కేంద్రాలు నెలకొల్పింది. పంట లెక్క మూడేళ్ల గడువుతో తీరే పని కాదు. ఏటా, వారం వారం అదే బాధ్యతగా చేసే కార్యాలయం ఉండాలి.

విస్తీర్ణం ముందే బయటపెడితే వ్యాపారులు ధర తగ్గిస్తారన్న సందేహం రైతుల్లో కలగడం సహజం. కానీ నాసిక్ నుంచి కోలారు దాకా మనుషులున్న పెద్ద వ్యాపారికి ఆ అంచనా ఎప్పుడో ఉంది. లేనిది రైతుకే. ఉద్యాన నర్సరీల నియంత్రణకు రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. ఏ వారం ఎంత టమాటా నారు అమ్ముడైందో నర్సరీల నుంచి తెప్పించి, ఎకరాల్లోకి మార్చి, రైతు సేవా కేంద్రం బోర్డుపై రాయడానికి, ఫోన్లకు పంపడానికి కొత్త యాప్ కూడా అవసరం లేదు. కోలారు జిల్లా లెక్క కూడా దానికి జతపడాలంటే మాత్రం రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలు కూర్చుని మాట్లాడుకోవాలి.